ఎడమకు రాలిన పూవు

“పోతే బాషా, నిన్న యాడ నిలిపినాం మనం?”

సుందరరాజు ప్రహరీ గోడ మీద మోచేతులు ఆనించి అడిగాడు. గోడకు అవతల సుభాన్ బాషా పరుపుకు కుట్లు వేస్తున్నాడు. దారం పంటితో తెంచి, “వేప పూత కాడ నిలిపినావు రాజన్నా” అన్నాడు.

అవును, పూత. ఆ ఏడు, అంటే రెండు వేల మూడులో, చిత్తూరు గుట్ట కింద వీధిలో పచ్చగా కళ్ళకు ఆనిన చెట్టు సుందరరాజు ఇంటి వేపచెట్టు ఒక్కటే. వరసగా వానలు మొహం చాటేశాయి. గుట్ట మీద గడ్డి ఎండి, రాళ్ళు తేలి, బోడిగుండులా కనిపిస్తోంది. అట్లాంటి కరువులో ఈ ముసలి చెట్టు ఉగాదికి ఆకు కనబడకుండా పూసింది. వీధంతా చేటలు పట్టుకొచ్చి పూత ఏరుకుపోయారు. సుందరరాజు పెళ్ళికొడుకు తండ్రిలాగా అటూ ఇటూ తిరుగుతూ, ఇది నీళ్ళు పోసిన చేతి మహిమ అని అందరికీ చెయ్యి చూపించి మరీ చెప్పుకున్నాడు. ప్రాణం మీదికొచ్చిన చెట్టు కూడా ఒక్కోసారి అట్లా విరగబూస్తుందని ఆయనకు తెలియదు. చేటలు పట్టుకొచ్చిన వాళ్ళలో కూడా ఎవరికీ తోచలేదు.

సుందరరాజు ముప్పై ఏళ్ళు కుప్పం బస్సు తోలిన మనిషి. మొగిలి ఘాట్ మలుపుల్లో ఎదురొచ్చేది ఏ బండో హారన్ విని చెప్పేవాడు. కండక్టరు కంటే డ్రైవరే ఎక్కువ మాట్లాడే బస్సు అదొక్కటేనని ప్రయాణికులు నవ్వేవాళ్ళు. బంగారుపాళ్యం దగ్గర భుజాన తాళ్ళ చుట్టతో మునికృష్ణ చెయ్యెత్తితే, స్టాపు కాకపోయినా ఆపేవాడు. మునికృష్ణ మామిడి తోపుల్లో ముసలి కొమ్మల్ని తాళ్ళు కట్టి కిందికి దించేవాడు. అన్నేళ్ళలో ఒక్క కొమ్మ కూడా తోపు కంచె మీద పడనివ్వలేదని పేరు.

ఇల్లు కొన్నప్పుడు సుందరరాజుకు గోడల కంటే ముందు నచ్చింది ఆ చెట్టే. అప్పటికే అది పెద్ద చెట్టు. రిటైరయ్యాక ఇక దాని సేవకే దిగిపోయాడు. ట్యాంకరు వచ్చిన రోజు వీధి వీధంతా బిందెలతో తోసుకుంటుంటే, ఈయన తన స్నానం నీళ్ళు బొట్టు పోనీయకుండా చెట్టుకు చేరవేసేవాడు. నాకు జ్వరమొస్తే మాత్ర తెచ్చేదానికి బద్దకం, చెట్టుకు ఆకు రాలితే మాత్రం నిద్రపట్టదు అని భార్య వసంతమ్మ దెప్పేది. దెప్పేదే గానీ బియ్యం కడిగిన నీళ్ళు మాత్రం ఆవిడే దాచిపెట్టేది.

పోసిన నీళ్ళు వాలుకు జారిపోతున్నాయని చెట్టు చుట్టూ రాతికట్టు కట్టించి సిమెంటు పూయించాడు. అందులో చెరువు మన్ను తెచ్చి నింపాడు. మొదలుకు దిండు వేసినట్టు ఉండాలని నడుమెత్తు దాకా పోశాడు. వేపచెట్టంటే గంగమ్మే కాబట్టి వసంతమ్మ ఏటా జాతరకు మొదలుకు పసుపు గుడ్డ చుట్టేది. అమ్మ కట్టుకున్నది చేత్తో విప్పగూడదని వాళ్ళ పుట్టింటి ఆచారం. అందుకని పోయినేటి దాని మీదే ఈ ఏటిది చుట్టేది. ప్రతి శుక్రవారం దాని మీదే చెంబెడు పసుపునీళ్ళు. చెట్టు నడుము ఏటేటా లావెక్కుతుంటే బలం పడుతోందని మొగుడూ పెళ్ళాం మురిసిపోయారు.

ఆషాఢ మాసపు ఆడి గాలులకు ముందు కొమ్మలు తేలిక చేయించడం ఆ ఇంటి అలవాటు. అయితే అమ్మను అడగందే కత్తి తాకించేది లేదు. వసంతమ్మ తలస్నానం చేసి, తడిపిన మల్లెపూవును చెట్టుకు ఎదురుగా ఛాతీ ఎత్తున గుడ్డకు అంటించి దండం పెట్టుకునేది. పూవు కుడికి రాలితే సరే, ఎడమకు రాలితే వద్దు. ఎన్నో ఏళ్ళు కుడికే రాలింది. పోయినేడు మొదటిసారి ఎడమకు రాలింది. కొమ్మలు కొట్టలేదు. ఈ ఏడు కూడా ఎడమకే రాలింది. అట్లా రెండేళ్ళ బరువు చెట్టు నెత్తిన చేరింది.

ఇప్పుడు గోడ మీద ఆనుకుని పూత కబురు ముగిస్తూ, సుందరరాజు బాషా ఇంట్లోకి తొంగిచూశాడు. గోడ పక్కన బాషాది రేకుల గది. పురుటికి పుట్టింటికొచ్చిన కూతురు ఉమ్మే హబీబా పసిబిడ్డతో అందులోనే ఉంటోంది. మంచం ఎప్పుడూ కిటికీ కింద ఉండేది. ఈరోజు ఎదుటి మూలకు జరిగి ఉంది. ఉయ్యాల ఇంకా అవతలికి, గుమ్మంలోకి వచ్చేసింది.

మంచం ఎందుకు జరిపారని అడిగాడు. రేకుల మీద వేపకాయలు రాలుతుంటే బిడ్డ ఉలిక్కిపడుతోందని బాషా తల ఎత్తకుండా చెప్పాడు. లోపలి నుంచి వచ్చిన గౌసియా బీ మొగుడి వైపు ఒకసారి చూసి, గోడ దగ్గరికి వచ్చింది.

“ఆయన చెప్పడన్నా. నాలుగు దినాలుగా చెట్టులో కిర్రుమని వినిపిస్తా ఉండాది. మీ అమ్మవారి చెట్టు. మేము నోరు తెరిస్తే అది ఇంకోలాగా పోతాది.”

బాషా సూది గుచ్చడం ఆపాడు. అవునన్నట్టు తల ఊపాడు.

సుందరరాజు గోడ మీది మోచేతులు తీసేశాడు. నేరుగా చెట్టు దగ్గరికి వచ్చాడు. చెవి ఆనించాడు. గాలి వచ్చినప్పుడల్లా లోపలెక్కడో పాత గేర్‌బాక్సు లాంటి మూలుగు. పైకి చూస్తే, ఏటా గొడవ చేసే కాకులు ఈసారి గూడు పెట్టనే లేదు. మట్టి అంచున తెల్లటి పుట్టగొడుగులు వరసగా లేచాయి. నిన్న వాటిని చూసి, తేమ నిలిచిందని సంతోషించింది ఆయనే.

గొడుగులోంచి ఊడిన ఇనపపుల్ల తెచ్చి, గుడ్డ మడతల మధ్య నుంచి మెల్లగా తోశాడు. బెరడు తగిలి ఆగాలి. ఆగలేదు. వెన్నలోకి పోయినట్టు పిడికిలి దాకా పోయింది. లాగితే తడిసిన గోనెసంచి వాసన వచ్చింది.

వసంతమ్మను పిలిచాడు. పుల్ల చూపించాడు. ఆమె ముఖం తిప్పుకుంది. అమ్మ రెండేళ్ళుగా వద్దంటోందని, మళ్ళీ అడిగినా అదే జవాబు వస్తుందని అంది. అయితే మళ్ళీ అడగమన్నాడు. ఆమె పూవు తడిపి తెచ్చింది.

ఈసారి సుందరరాజు దండం పెట్టలేదు. వంగి పక్కనుంచి చూశాడు. మామూలుగా పూవు గుడ్డ మీద జారుతూ దిగాలి. ఇది జారలేదు. అంటిన చోటు నుంచి వదిలి, గుడ్డను ఎక్కడా తాకకుండా గాలిలోనే పడి, మొదలుకు జానెడు అవతల ఎడమపక్కన వాలింది. ఎడమపక్క బాషా గోడ. గోడ వెనక రేకుల గది.

“సూస్తివా, మళ్ళీ వద్దనింది” అంది వసంతమ్మ.

“వద్దనలేదు వసంతా. యాడ పడతానో సూపిస్తా ఉండాది. చెట్టు ఒరిగింది గాబట్టే పూవు ఆ పక్కకు పడతా ఉండాది. పోయినేడూ చెప్పింది. మనకే అర్థం కాలా.”

ఆమె పడిన పూవును ఏరి కళ్ళకు అద్దుకుంది. తర్వాత కట్టు మీదికెక్కి, పైట బిగించి, ముడి పట్టుకుంది. సుందరరాజు తానూ చెయ్యి వెయ్యబోతే వారించింది.

“కట్టింది నేను. ఇప్పేది కూడా నేనే. తప్పు ఉంటే నన్నే అడగనీ.”

ఒక్కొక్క గుడ్డా విప్పుతూ పోయింది. పైవి పసుపు, లోపలివి నలుపు. ఆఖరిది ఊడి రానంది. కాస్త గట్టిగా లాగితే బెరడుతో సహా చేతిలోకి వచ్చింది. వెనకాలే చెట్టు మొదలులోంచి పొట్టు జలజలా రాలింది. ఏళ్ళుగా ఆరని గుడ్డల కింద కుళ్ళి, లోపల చెయ్యి పట్టేంత తొర్ర.

గుట్ట మీదినుంచి సాయంత్రం గాలి మొదలైంది. నెత్తిన కొమ్మలన్నీ ఒక్కసారి బాషా గోడ వైపు వంగి, తిరిగి రావడానికి ఆలస్యం చేశాయి.

సుందరరాజు గోడ దగ్గరికి పరుగుతీసి, తల్లినీ బిడ్డనూ ఉయ్యాలతో సహా తమ ఇంటి కుడిపక్క గదికి పంపమన్నాడు. ఇప్పుడేనా అని బాషా అడిగాడు. ఇప్పుడే అన్నాడు. గౌసియా బీ అప్పటికే బిడ్డను ఎత్తుకుని గుమ్మం దిగింది.

మళ్ళీ కిర్రుమంది. ఈసారి అందరికీ వినిపించింది.

సుందరరాజు లోపలికి వెళ్ళి ఫోన్ పెట్టె ముందు నిలబడ్డాడు. మునికృష్ణకు ఏం చెప్పాలో వరస పెట్టుకున్నాడు. క్షేమసమాచారాలు వద్దు. కరువు ముచ్చట్లు వద్దు. తాళ్ళన్నీ తీసుకుని, దొరికిన బండి ఎక్కి రమ్మనాలి. తెల్లారేదాకా ఆగమంటే చెట్టు ఆగేలా లేదని చెప్పాలి. ఇంటికొచ్చాక దారిలో ఆపిన బస్సులన్నీ గుర్తుచేసుకుందాం, ముందు రమ్మనాలి.

బయట గాలి మళ్ళీ అందుకుంది. ఆయన రిసీవరు ఎత్తాడు.