రైట్ అంటే కుడి కాదు

ఆ రోజుల్లో నా నోట్లో 'రైట్' అన్న మాటకు ఒకటే అర్థం ఉండేది: పోనియ్. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు, ఇక పోనియ్. మా బాపు జగిత్యాలలో బస్సు కండక్టరు. ఆయన వెనక తలుపు దగ్గర నిలబడి రేకు మీద చరిచి 'రైట్ రైట్' అంటే బస్సు కదిలేది, 'హోల్డాన్' అంటే ఆగేది. ఈ రెండు మాటలతోనే లోకం నడుస్తుందని నేను గట్టిగా నమ్మాను. మా ఇంట్లో అన్నం వడ్డిస్తుంటే చాలనడానికి కూడా హోల్డాన్ అనేవాళ్లం (మటన్ వడ్డించేటప్పుడు మాత్రం ఆ మాట ఎవరి నోటా వచ్చేది కాదు). ఇంగ్లీషులో వీటికి వేరే అర్థాలున్నాయని బళ్లో చదివాను, పరీక్షల్లో రాశాను, ఫస్టు క్లాసులో పాసయ్యాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఇక పరీక్షలతో ఏం పోతుంది!

జర్మనీలో మాస్టర్స్ అయ్యాక నాకు వోల్ఫ్స్‌బర్గ్‌లో ఉద్యోగం దొరికింది. ఆ ఊరి పేరు చెప్పగానే మనవాళ్లు 'ఓహో, కార్ల ప్లాంట్లోనా?' అని కళ్లు పెద్దవి చేస్తారు. కాదు. నాది ఊరి చివర ఒక షెడ్డు, దాని ముందు ఆవరణ, లోపల కాఫీ మిషను, ఇద్దరే మనుషులు. ఆస్ట్రేలియాలో తయారైన కార్లను ఓడలో తెప్పించి, మోజుపడ్డ జర్మన్లకు అమ్మడం మా వ్యాపారం. కార్లు పుట్టే ఊరికి కార్లు తెప్పించడమంటే గుంటూరుకు మిరపకాయలు మోసుకెళ్లడమే. నాతో ఫ్లాటు పంచుకున్న అక్క నిజంగానే గుంటూరు మనిషి, ప్లాంట్లో ఇంజనీరు. రోజూ సాయంత్రం తలుపు తీస్తూనే అడిగేది: "ఏమ్మా, ఇంకా ఆ కంగారు కంపెనీలోనే ఉన్నావా, తీసేశారా?" మా యజమాని తాళాల గుత్తికి ఒక ఇత్తడి కంగారూ వేలాడుతుండేది కాబట్టి మేమిద్దరం ఆయనకు కంగారు గారని పేరు పెట్టుకున్నాం. నిజానికి ఆ మనిషిలో కంగారు అనేది మందుకు కూడా లేదు. ఉన్న కంగారంతా నాదే.

ఉండదా మరి! నా ప్రొబెట్సైట్, అంటే పనితనం చూసి ఉంచాలో పంపాలో తేల్చుకునే గడువు, ఆ నెలాఖరుతో ముగుస్తోంది. ఉంచుకుంటే పక్కా కాంట్రాక్టు, దాన్ని చూపిస్తే వీసా. పంపిస్తే మళ్లీ మొదటి నుంచి అప్లికేషన్లు, ఇంటర్వ్యూలు, లేదా ఇంటికి టికెట్టు. కంగారు గారు ఒక్కటే మాట చెప్పాడు: "తాతగారి కారు మీరు చూసుకోండి. ఒక్క గీత లేకుండా ఆయన చేతికి తాళం ఇవ్వండి. మీ కాంట్రాక్టు మీద నేను సంతకం పెడతాను." (మేం ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవాళ్లం. నా జర్మన్ అప్పటికి బేకరీ గడప దాటలేదు.) ఆ తాతగారు మా కస్టమరు, వయసులో ఉండగా ఆస్ట్రేలియా వెళ్లి, కార్ల ఫ్యాక్టరీలో తలుపులు బిగించే పని చేసి తిరిగొచ్చిన మనిషి. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అక్కడ చివరి రోజుల్లో తయారైన కారు ఒకటి తన ఇంటి ముందు ఉండాలని ఆయన కోరిక. మాకు ఫోన్ చేసిన ప్రతిసారీ తలుపులెలా ఉన్నాయని అడిగేవాడు, ఇంజను సంగతి ఎన్నడూ అడగలేదు.

కారు వచ్చింది. నీలం రంగు, మా బస్సంత పొడుగు. తెచ్చిన ట్రక్కు మా సందులో పట్టక రోడ్డు మీదే దించి పోయింది. దాన్ని వెనక్కి నడుపుతూ ఆవరణలోంచి షెడ్డులోకి పెట్టాలి. స్టీరింగేమో కుడివైపు. కంగారు గారికి అలవాటు లేదు, ఇండికేటరు వేయబోతే వైపరు ఊగుతోంది. "వెనక నిలబడి దారి చెప్పగలరా?" అని అడిగాడు. అడిగింది ఎవరిని? కండక్టరు బిడ్డని! "మీరు నిశ్చింతగా రండి, నేనున్నా" అని పైట బిగించినట్టు మఫ్లరు బిగించి వెనక నిలబడ్డాను. కారు నిటారుగా, ముచ్చటగా వస్తోంది. నాకు ఉత్సాహం పొంగింది. గాల్లో చెయ్యి ఊపుతూ "రైట్! రైట్!" అన్నాను. పాపం, ఆయన కుడికి తిప్పాడు. ఇదేంటి ఇలా తిప్పుతున్నాడు, నా మాట సరిగ్గా వినబడలేదేమో అనుకుని, బాపు గొంతు అరువు తెచ్చుకుని "రైట్ రైట్ రైట్!" అని కేకేశాను. ఆయన ఇంకా తిప్పాడు. కుడి పక్కనున్న చెత్త డబ్బాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "హోల్డాన్! హోల్డాన్!" అని గొంతు చించుకున్నాను. ఆయన బుద్ధిమంతుడిలా స్టీరింగును రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. బ్రేకు మాత్రం వేయలేదు. కారు అడ్డంగా తిరిగి, వెనక ఎడమ మూలతో ఆవరణ గోడకు గుద్దుకుని, అప్పుడు ఆగింది.

బంపరుకు ఏమీ కాలేదు. ఎడమవైపు వెనక లైటు మాత్రం పగిలి పొడిపొడి అయింది. కంగారు గారు దిగి, లైటును చూసి, నన్ను చూసి, మెల్లగా అడిగాడు: "మీరు కుడికి తిప్పమన్నారు కదా?" నేను జగిత్యాల బస్సు కథంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. ఈ లైట్లు ఇప్పుడు తయారు కావడం లేదనీ, ఆస్ట్రేలియాలో తనకు తెలిసిన దుకాణాల్లో స్టాకు లేదనీ, తాతగారికి ఫోన్ చేసి రావద్దని చెప్పేస్తాననీ అన్నాడు. తాతగారు వచ్చేది ఆ పై శనివారం. నాకు ఏడుపొచ్చింది, వెంటనే రోషమూ వచ్చింది. "ఫోన్ చేయకండి. లైటు నేను తెప్పిస్తాను" అన్నాను. ఎక్కడి నుంచి తెప్పిస్తానో నాకే తెలియదు. కానీ పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే వంశం మాది.

ఆ సాయంత్రమంతా ఫోన్లే ఫోన్లు. లేదు, లేదు, లేదు. అక్క నా ముఖం చూసి ఆ ఒక్క రోజు మాత్రం వెక్కిరించలేదు, ఉప్మా చేసి పెట్టింది. తింటుంటే తట్టింది. ఈ కార్లను ఆస్ట్రేలియా వాళ్లు గల్ఫ్ దేశాలకు కూడా పంపేవాళ్లు. అక్కడ స్టీరింగు ఎడమకు మార్చి, ముందు వేరే కంపెనీ బిళ్ల తగిలించి అమ్మారు, వెనక లైట్లు మాత్రం ఇవే! ఇక గల్ఫ్ అంటే మా జగిత్యాల వాళ్లకు పక్క వీధే. మా మేనమామ షార్జాలో పాత కార్ల సామాన్లమ్మే దుకాణంలోనే పని చేస్తున్నాడు. ఫోటో పంపి ఫోన్ చేశాను.

"గీ లైటా? మస్తుంటయి బిడ్డా. మా యార్డుల గసొంటి బండ్లు పడి ఉన్నయి. ఏ దిక్కుది గావాలె?"

వినగానే సంతోషం పట్టలేక "రైట్ మామా, రైట్ రైట్! జల్ది పంపియ్!" అన్నాను. మామ సరేనని పెట్టేశాడు.

అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఒసేయ్, పగిలింది ఎడమది కదే!"

మళ్లీ చేస్తే మామ ఫోన్ ఆఫ్. మర్నాడు చేస్తే "పంపిన బిడ్డా, ఫికరు జెయ్యకు" అని ఒక్క ముక్క చెప్పి పనిలో పడ్డాడు. ఏది పంపాడో అడిగేలోపే లైను తెగింది. తర్వాత మెసేజి పెట్టే ధైర్యం చాలలేదు. పార్సిల్ శుక్రవారం వచ్చింది. కంగారు గారే కత్తెరతో విప్పాడు. పైనున్నది కుడివైపు లైటు. సూట్‌కేసు ఎక్కడ పెట్టానో గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాను. ఆయన మాత్రం నింపాదిగా పాత గుడ్డల పొరలు తీస్తూ పోయాడు. అడుగున ఎడమది ఉంది!

అక్కడే ఏడుస్తూ మామకు ఫోన్ చేశాను. మామ పగలబడి నవ్వాడు. "ఏంది బిడ్డా, నువ్వు కండక్టరు పిల్లవైతివి. నీ రైటు కుడి దిక్కో, పోనియ్యనో నాకేమెరుక? అందుకే రెండూ పంపిన."

తాతగారు శనివారం వచ్చి, నాలుగు తలుపులూ తీసి, వేసి, మళ్లీ తీసి, ఆ చప్పుడు విని కళ్లు తుడుచుకుని కారు తీసుకెళ్లాడు. కంగారు గారు ఆ మధ్యాహ్నమే సంతకం పెట్టాడు. పెన్ను మూత పెడుతూ, ఏ మాత్రం నవ్వకుండా, "రైట్ రైట్" అన్నాడు.

ఇన్నేళ్లకు, ఒక పిల్ల తల్లినయ్యాక, నేనూ తెలివిమీరాను. కార్లకు దారి చూపాల్సి వస్తే శుద్ధమైన జర్మన్‌లో 'వైటర్, వైటర్, ష్టాప్' (పోనియ్, పోనియ్, ఆపు) అంటాను, ఏ గోడకూ దెబ్బ తగలదు. మొన్న ఆదివారం మా పాప మొదటిసారి చిన్న చక్రాలు తీసేసిన సైకిలు ఎక్కింది. వెనక పట్టుకుని పరిగెత్తుతూ వైటర్ వైటర్ అంటున్నదాన్ని, చెయ్యి వదిలేసిన క్షణంలో అన్నీ మరిచి "రైట్ రైట్!" అని అరిచాను. కుడివైపు ముళ్లకంచె. పాప తిరగలేదు, తిన్నగా పోయింది. ఆయాసపడుతూ వెళ్లి ఎందుకు తిరగలేదే అని అడిగితే, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు చూసింది. "మామా, దాస్ వార్ దోహ్ ఓపాస్ రైట్!" అంది. ఇక్కడి పిల్లల నోట మామా అంటే అమ్మ; అది తాతయ్య రైట్ కదమ్మా, అని. రోజూ వీడియో కాల్ ముగించేటప్పుడు బాపు అనే మాట అది. అప్పటి నన్ను, మఫ్లరు బిగించి గోడ ముందు నిలబడి గొంతు చించుకున్న ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొచ్చింది, కొంచెం జాలీ వేసింది. ఆ రోజు ఆమె చెప్పింది తప్పేమీ కాదు, స్టీరింగు దగ్గర మనవాళ్లెవరూ లేరంతే.