ఇస్సాకు పాఠం మాకొక్కరికేనా

మా కళ్యాణదుర్గం వైపు పల్లెలో ప్రతి గురువారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో బైబిల్ స్టడీ జరుగుతుంది. ఒక అధ్యాయం చదువుతాం, వచనం వచనం విడమరిచి మాట్లాడుకుంటాం. చివర్లో ఒక్కొక్కరూ లేచి, ఈ వారం దాన్ని తమ బతుకులో ఎలా పాటిస్తారో అందరి ముందూ చెప్పాలి. చెప్పాక మాట తప్పకూడదు. ఆ చివరి భాగమంటేనే నాకు ఇష్టం. ఒక గురువారం మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఆ రోజు స్టడీ మా సంఘ పెద్ద ఇంట్లో. ఆయన చేను మా నాయన చేనుకు పక్కనే. మాకున్న నీటి ఆధారమల్లా ఒక బోరు, దాని కింద నాయన కన్నబిడ్డలా సాకిన చీనీతోట, అదే బత్తాయి తోట. తోట కాపుకొచ్చిన ఏడే ఈ పెద్దమనిషి సరిగ్గా గట్టు పక్కన, మా బోరును ఆనుకున్నట్టే, ఇంకా లోతుగా బోరు వేయించాడు. నెల తిరక్కుండానే మా బోరు నీళ్ళకు బదులు గాలి కక్కింది. ఎండాకాలం గడిచేదాకా రోజుకొక గంట నీళ్ళు వదలమని నాయన పోయి అడిగాడు. "చూద్దాంలే" అన్నాడాయన.

మేం చదివింది ఆదికాండంలో ఇస్సాకు బావుల అధ్యాయం. రాజు పొమ్మంటే లోయలోకి పోయి ఇస్సాకు బావి తవ్విస్తే, అక్కడి కాపరులు వచ్చి నీళ్ళు మావంటారు. ఇంకోటి తవ్విస్తే దానికీ జగడమే. ఆయన ఇంకా దూరం పోయి మూడోది తవ్వించుకుంటాడు, అక్కడ ఎవరూ అడ్డం రారు.

చదవడం కాగానే ఇంటాయనే మా నాయన వైపు తిరిగాడు. "చూసినావా తమ్ముడా, ఇస్సాకు కొట్లాడలేదు. జరిగి పోయినాడు. నువ్వూ ఆ పైచేన్లో ఇంగో బోరు ఏయించుకో. దేవుడిస్తాడు."

ఆ మాట అనడానికి సిగ్గుండాలి. మా పైచేనంతా కింద బండేనని, నీళ్ళు పడవని ఊరందరికీ తెలుసు. అయినా అందరూ తలలూపారు. పాస్టరుగారు కూడా ఆమేన్ అన్నారు. నాయన తల దించుకున్నాడు. ఆయన సరే అంటే అది అందరి ముందూ ఇచ్చిన మాటవుతుంది, ఇక నీళ్ళు అడగడానికి నోరుండదు. తోట పోయినట్టే.

నాకు కోపం ఆగలేదు. ఏళ్ళుగా చూస్తున్నాను కదా, ఓర్చుకోమనే వాక్యం వస్తే అది లేనివాడికి. పంచుకోమనే వాక్యం వస్తే మాత్రం దానికేదో ఆత్మీయ అర్థం ఉంటుంది. ఈ అధ్యాయంలో ఇస్సాకు ఒక్కడే ఉన్నాడా? బావుల్లో మన్ను పోసి పూడ్చినవాళ్ళు లేరా? నీళ్ళు లాక్కున్నవాళ్ళు లేరా? వాళ్ళ పాఠం ఎవరు నేర్చుకోవాలి? ఆ మాటే పైకి అడిగేసి, ముందుకు చదవడం మొదలుపెట్టాను. తనను వెళ్ళగొట్టిన రాజే తర్వాత తన దగ్గరికి వస్తే, నన్ను పొమ్మన్నవాళ్ళు ఇప్పుడెందుకొచ్చారని ఇస్సాకు మొహం మీదే అడుగుతాడు. అక్కడికి వచ్చేసరికి పాస్టరుగారు, "టైమైపోతాంది కదమ్మా, ఇంగ చాలు" అన్నారు.

"అధ్యాయం ఇంకా అయిపోలేదు కదయ్యగారూ" అన్నాను.

అప్పుడు నాయన లేచాడు. స్టడీలో ఆయన ఎన్నడూ నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడింది లేదు.

"నేను యాడికీ పోనన్నా. ఆడ బండ ఉండాది, నీకూ తెలుసు. నా చెట్లు ఎండిపోతాండాయి. దినానికి గంట నీళ్ళు ఇడుస్తావా, ఇడవవా? ఇంతమందిలో చెప్పు."

పెద్దాయన పాస్టరుగారి వైపు చూశాడు. పాస్టరుగారు బైబిల్ మూశారు. పెద్దాయన "ప్రార్థన చేసి చెప్తాలే తమ్ముడా" అన్నాడు. గండం గడిచినట్టు అందరూ లేచి ముగింపు ప్రార్థనకు కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు.

మే నెలలో మా చీనీచెట్లు నరికించాం. గట్టు అవతల ఆయన దానిమ్మతోట పచ్చగా కళకళలాడుతోంది. ఆయన ఇంకా ప్రార్థన చేస్తూనే ఉన్నాడు.