ఆటలో పేట పేరు, నుదుటిన నాడె దెబ్బ

ఈ సంగతి ఇంట్లో ఎన్నిసార్లు ఎత్తినా "పోనీరా" అని నా నోరు మూయించారే తప్ప ఒక్కరూ వినలేదు. అందుకే మీ పత్రికకు రాస్తున్నాను.

మాది షోలాపూర్, నీలం నగర్. మా మరమగ్గాల షెడ్డు పక్క గదిలో కూర్చుని స్నేహితులతో ఆన్‌లైన్ యుద్ధపు ఆట ఆడేవాడిని. అందులో ఒక ముఠావాళ్లను చంపితే ఇంకో ముఠా దగ్గర మనకు పరపతి పెరుగుతుంది. ఆ పరపతి చూపించడానికి ఆటకు తగిలించుకునే యాడ్‌ఆన్‌లో ఇంగ్లీషు పేర్లకు నోరు తిరగక, ముఠాలకు మా ఊరి పేటల పేర్లు పెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నం మగ్గాల మోతలో వినబడాలని మైకులో గొంతు చించుకున్నాను: "జోడ్‌భావి పేటోళ్లను ఇంకో నలుగుర్ని నరుకుండ్రి! నీలం నగరోళ్లు మనల్ని నెత్తిన పెట్టుకుంటరు!"

సరిగ్గా అప్పుడే కరెంటు పోయి మగ్గాలన్నీ ఆగాయి. నా అరుపు షెడ్డంతా వినబడింది. అక్కడ నేస్తున్న మా అక్క భర్త మల్లేశం బావది జోడ్‌భావి పేటే. ముందు రోజే ఈ రెండు పేటల కుర్రాళ్లు నిజంగానే కొట్టుకున్నారు.

"ఎవర్ని నరుకుతవ్‌రా? రా, నాతోనే షురూ చెయ్!" అంటూ, మగ్గంలో అటూ ఇటూ దారం లాగే నాడె చేతిలో ఉంటే దాని ఇనప మొనతో నా నుదుటి మీద పొడిచాడు.

"బావా, ఆట!"

"మనుషుల్ని నరికేది ఆటనా నీకు?"

మళ్లీ పొడిచాడు. రక్తం కళ్లలోకి కారింది. కింద పడ్డాక కూడా తన్నాడు. అక్క అడ్డం పడకపోతే ఎడమ కన్ను పోయేదని డాక్టరు అన్నాడు.

తర్వాత కరెంటు వచ్చినప్పుడు తెర మీద ఆ పేర్లు చూపించాక బావకు అర్థమైంది. అయినా తప్పైందని అనలేదు. "గంత గట్టిగ ఎందుకు ఒర్లినవ్?" అన్నాడు. మగ్గాల పక్కన పెరిగినవాళ్లం మెల్లగా ఎప్పుడు మాట్లాడాం?

బావా, ఈ పత్రిక మీ ఇంటికీ వస్తుంది. కొట్టే ముందు నన్ను ఒక్క మాట ఎందుకు అడగలేదు? ఇప్పుడైనా జవాబు చెప్పు.