పేజీ పేజీకీ పేరు

బోధన్ బస్టాండు దగ్గర నా డీటీపీ షాపులో ఏడాది పొడుగునా పెళ్లిపత్రికలే. కథ టైపు చేయమని వచ్చింది ఒక్క ఆత్మారాం సారే. చక్కెర ఫ్యాక్టరీ మూతపడేదాకా ఇరవై ఆరేళ్లు చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర గుమస్తా. చిట్టీలు రాసిన ఆ చేత్తోనే పదకొండు కాగితాలు నింపుకొచ్చాడు.

అది నవీపేట్ లింబయ్య కథ. ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల వరుసలో మూడో రోజు ఎద్దు కూలిపోతే, లింబయ్య కాడి తన భుజాన వేసుకుని, రెండో ఎద్దుతో పాటు బండిని కాంటా దాకా లాగాడు. ఇప్పుడు మంచం పట్టాడు, కిడ్నీలు పోయాయి. ఆన్‌లైన్ పత్రిక పెట్టిన కథల పోటీలో తన ముచ్చట వస్తే మనవరాలి ఫోన్లో చూసి పోతానంటున్నాడట. అందుకే సారుకు అంత తొందర.

పత్రికవాళ్ల నిబంధనలు చదివి వినిపించాను. యూనికోడ్‌లో ఉండాలి, పదిహేను వందల పదాలు దాటకూడదు, ఫైల్లో రచయిత పేరు ఎక్కడా ఉండకూడదు. మొదటి రెండింటికీ తలూపాడు. ఎద్దు పడిపోయే చోట నాలుగు వాక్యాలు తీయిస్తూ కళ్లు తుడుచుకున్నాడు కూడా. మూడోదాని దగ్గర మొండికేశాడు.

"కాంటా మీద సంతకం లేని చిట్టీ చెల్లకపోయేది బిడ్డా. పేజీ పేజీకి కింద నా పేరు కొట్టు."

"వద్దన్నరు గద సార్. మెయిల్‌ల రాస్తే సాలంట."

"వాళ్లకేం ఎరుక? పేరు లేకుంటే ఎవడో తనదంటడు."

షాపు నిండా జనం, నాకు ఓపిక లేదు. ఆరు పేజీలకూ కొట్టి పంపేశాను.

వారానికి జవాబొచ్చింది. పేరు ఉన్నందున పరిశీలించలేదు, వచ్చే ఏడాది పోటీకి పంపండి అని. వచ్చే ఏడాదికి లింబయ్య ఉంటాడా? సారు మీద మండిపోయింది. అంతకంటే ఎక్కువ నా మీద.

సారు ప్రింటు తీయించుకుని నవీపేట్ బస్సెక్కాడు. మర్నాడు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"పేజీల కింద గదేందని అడిగిండు బిడ్డా. నా పేరని చెప్పిన."

"ఏమన్నడు?"

"'బండి గుంజింది నేనైతిని, నీ పేరెందుకున్నదే అన్నా?' అన్నడు."

ఫైలు తెరిచి పేర్లన్నీ తీసెయ్యమన్నాడు. ఆరు చోట్లా తీసేశాను. అది ఇప్పుడు పత్రికవాళ్లు అడిగినట్టే ఉంది. లింబయ్య పోయి నేటికి తొమ్మిది రోజులు.