శనివారం సాయంత్రాల గొలుసు చప్పుడు

మొన్న ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, మా సంఘ పెద్దగారి అల్లుడు మావారి చేపల పడవను కొనడానికని ఇర్వింగ్‌లోని మా ఇంటికి వచ్చి, గరాజ్‌లో దాని మీది పట్టా తీసి, వెనకచెక్కకు బిగించిన మోటారు దగ్గర వంగి చాలాసేపు చూసి, "ఆంటీ, అంకుల్ దీన్ని రెండు హైట్స్‌లో వాడేవారా? పై బెజ్జాలకీ కింది బెజ్జాలకీ కూడా బోల్టుల అరుగుడు బాగా ఉంది," అన్నాడు. లేదు బాబూ, ఒక్క చోటే, అనబోయి ఆగిపోయాను.

ఆ పడవ మా ఇంటికి వచ్చింది ఎనభైల తొలి రోజుల్లో. ఆఫీసులో తోటి ఉద్యోగి ఒకాయన మావారికి బాస్ అనే మంచినీటి చేపలు పట్టే పిచ్చి అంటించాడు. పాత పడవ, పెద్ద మోటారు; ఎంత వేగం ఇచ్చినా నీళ్ళను ఈడ్చుకుంటూ బరువుగా పోయేది. మోటారును వెనకచెక్క బెజ్జాల్లో ఒక మెట్టు పైకి జరిపి బిగిస్తే ఒరిపిడి తగ్గి పడవ తేలికపడుతుందనీ, మరీ పైకి పోతే నీళ్ళలో తిరగాల్సిన పంకా గాలి మింగి ఊరికే తిరుగుతుందనీ, అన్నం తింటూ కంచం అంచు మీద చెయ్యి పెట్టి మరీ చూపించేవారు.

మెట్టు మార్చినప్పుడల్లా చెరువు మీద పరీక్ష. నీటి తుంపరలకు ఆయన దళసరి కళ్ళద్దాలు మసకబారేవి కనుక, పక్కన కూర్చుని వేగం ముల్లు చూసి చెప్పడం, పుస్తకంలో రాయడం నా పని. బడి మొహం చూడని నాకు మా నాన్నగారు ఇంట్లోనే అక్షరాలూ అంకెలూ దిద్దించారు. అలాంటి దాన్ని పట్టుకుని, మా ఆవిడ రాసిందంటే తిరుగులేదని ఆయన అందరితో అంటుంటే, ఆ భాగ్యానికి దేవుడికి ఎన్నిసార్లు స్తోత్రం చెప్పుకున్నానో.

అదే నోటితో అబద్ధం ఆడాను. పై మెట్టులో పడవ ముక్కు లేచి, నీటిని తాకీ తాకనట్టు దూసుకుపోతుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ముల్లు యాభై మైళ్ళు దాటింది. కింది మెట్టులో వచ్చినంతే, నలభైనాలుగే అన్నాను, అలాగే రాశాను. భయమంటే ఇంటి దగ్గర ఉండమంటారేమోనని నా బెంగ. ఎవరూ పలకరించని ఈ పరాయి దేశంలో, ఆదివారం మధ్యాహ్నం ఆయన పక్కన గడిపే ఆ రెండు గంటలే నాకు వారమంతటికీ ఊపిరి. ఆయన ఆ సాయంత్రమే మోటారును కింది మెట్టుకు దించేశారు.

తరువాత ఆయన శనివారం ఉదయాలు ఒక్కరే చేపలకు వెళ్ళేవారు, ఆదివారం నన్ను ఎక్కించుకునేవారు. శనివారం సాయంత్రమైతే చాలు, గరాజ్‌లో మోటారు బరువును ఎత్తే గొలుసు కప్పీ గలగలలాడేది. నడుము నొప్పితోనే గంటసేపు అక్కడ తంటాలు పడేవారు; ఏదో మరమ్మతు అనుకునేదాన్ని. ఆ బోల్టుల మీద ఉన్న శ్రద్ధ బైబిలు వాక్యం చదవడంలో ఉంటే ఎప్పుడో పాస్టరుగారు అయ్యుండేవారని నేను దెప్పేదాన్ని. "రేపు ఎక్కేది నువ్వు కదే," అని నవ్వి ఊరుకునేవారు.

ఆసుపత్రిలో ఆఖరి వారం కూడా నిజం చెప్పాలనుకుని, నోరు రాక, ప్రార్థనలో మాత్రం ఒప్పుకున్నాను. దేవుడితో చెప్పుకోవడం తేలిక.

ఈ రోజుల్లో మీట నొక్కితే మోటారు దానంతటదే లేస్తుందట, దిగుతుందట. పెద్దగారి అల్లుడు అదే బిగించుకుంటానన్నాడు. మంచిదే, అతని నడుము చల్లగా ఉండాలి. పడవ వెళ్ళిపోయింది, కప్పీ మాత్రం ఇవ్వలేదు. నిన్న శనివారం సాయంత్రం గరాజ్‌లోకి వెళ్ళి ఆ గొలుసును ఒక్కసారి లాగాను. నా భయం తెలిసీ తెలియనట్టుండి, తన కోసం పైకి, నా కోసం కిందికి ఇన్నేళ్ళు వారం వారం ఆ మోటారును ఎత్తి దించిన మనిషిని ఇచ్చినందుకు స్తోత్రం చెప్పబోయాను. మాట సగంలోనే ఆయన వైపు తిరిగింది: "యాభై దాటిందండీ."