నేను అదిమిన పొడి

నా పేరు గంగులు. పదో తరగతి రెండుసార్లు తప్పాను. అయినా పంతొమ్మిదేళ్లుగా యూనివర్సిటీలోనే ఉన్నాను, ల్యాబు అటెండరుగా. బీకర్లు కడుగుతాను, ఎక్స్‌రే మెషిన్‌లో పెట్టే పొడి సిద్ధం చేస్తాను. నాకు గర్వమంటూ ఉంటే ఆ పొడి మీదే. గాజు పలకలో చిన్న గుంట ఉంటుంది. కల్వంలో నూరిన పొడి అందులో పోసి, పైన ఇంకో గాజుముక్క పెట్టి, బొటనవేలితో అదిమి అటూ ఇటూ రుద్దుతాను. పొడి అద్దంలా మెరుస్తుంది. నిజానికి రుద్దమని నాకెవరూ చెప్పలేదు. పైన సమంగా ఉంటే చాలన్నారు. మిగతా పనితనం నా సొంతం.

సుహాసినిది కోటబొమ్మాళి దగ్గర రైతుల ఇల్లు. మా ల్యాబులో పీహెచ్‌డీ చేస్తోంది. తను తయారుచేసిన పదార్థం లోపల అణువులు ఎలా అమరి ఉన్నాయో ఆ పిల్ల కనిపెట్టాలి. పటికబెల్లం పలుకులాంటి పెద్ద స్ఫటికం ఒక్కటి పెరిగితే వారంలో తేలిపోతుందట. ఆ పదార్థం మాత్రం ఎన్నిసార్లు చేసినా పొడిగానే దిగింది. పొడిని మెషిన్‌లో పెడితే కాగితం మీద కొండల్లాంటి గీతలొస్తాయి. ఆ కొండలు ఎక్కడున్నాయో, ఎంతెంత ఎత్తున్నాయో చూసి లోపలి అమరిక పట్టుకోవాలి. నాకు అర్థమయ్యేలా ఆ పిల్ల ఇలా చెప్పింది: గది కొలతలు దొరికాయి, అందులో మంచం ఎక్కడుందో బీరువా ఎక్కడుందో దొరకడం లేదు. కంప్యూటర్ లక్షసార్లు సామాను మార్చి పెట్టి చూసేది. ఏదీ గీతలతో కలిసేది కాదు.

పదకొండు నెలలు అలాగే గడిచాయి. డిసెంబరు నెలాఖరులోపు తేలకపోతే దీన్ని థీసిస్‌లోంచి తీసేయమని గైడు చెప్పేశారు. తీసేస్తే మిగిలేది అట్టలూ ముందుమాటా.

అక్టోబరులో మా మేనల్లుడి పెళ్లికని నాలుగు రోజులు సెలవు పెట్టాను. నేను లేనప్పుడు సుహాసిని తనే హడావిడిగా పొడి నింపుకుంది. తిరిగొచ్చి ఆ పలక చూశాను. దున్ని వదిలేసిన మడిలా ఉంది. నేను నవ్వాను కూడా. ఆ పిల్ల రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టి చూపించింది. కొండలు రెండింట్లోనూ ఒకేచోట ఉన్నాయి, ఎత్తులే వేరు. తన చెయ్యి తిన్నగా లేక పాడైందనుకుని, మళ్లీ నన్నే నింపమంది.

గాజుముక్క పెట్టి అదుముతుంటే మా అమ్మ కూర్మమ్మ గుర్తొచ్చింది. ఎండు నెత్తళ్లు గంపలో పోసి పైన చేత్తో అదిమేది. అదిమితే చేపలన్నీ పక్కకి తిరిగి పడుకుంటాయి, పైనుంచి తల ఒక్కటీ కనపడదు. అంతకుముందు ఒకసారి సుహాసిని మైక్రోస్కోపులో తన పొడి చూపించింది. అవి గుండ్రటి గింజలు కావు, పల్చటి రేకులు. నా బొటనవేలు అక్కడే ఆగిపోయింది.

ఆగిపోయింది వేలొక్కటే కాదు, నోరు కూడా. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. నాకెందుకొచ్చింది, పెద్ద చదువులవాళ్లకి తెలియదా అని సర్దుకున్నాను. ఇంట్లో అన్నం సరిగా తినకపోతే మా ఆవిడ గురమ్మ గుచ్చి గుచ్చి అడిగి మొత్తం రాబట్టింది.

“సెప్పీ,” అంది. “నువ్వు సెప్పకపోతే ఆ పిల్ల నీ యేలు పట్టుకుని ఇంకో ఏడాది కూకుంటాది.”

మర్నాడు సుహాసిని దగ్గరికెళ్లాను.

“అమ్మా, తప్పు నీది కాదేమో. నానే అదిమేత్తన్నాను. రేకులన్నీ బోర్లా పడుకుంటన్నాయి గావాల, అందుకే కొండల ఎత్తులు తప్పొత్తన్నాయి.”

ఆ పిల్ల చేతిలో గ్రాఫులు పక్కన పెట్టింది. “ఎన్నాళ్ల నుండి మావా?”

“పంతొమ్మిదేళ్ల నుండి.”

తల పట్టుకుని కూర్చుంది. కాసేపటికి లేచి, కొత్త పలక నా చేతిలో పెట్టింది. “వదులుగా ఒంపు. యేలెట్టకు.”

ఒంపాను. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఆ గరుకు పొడి చూస్తుంటే ఎవరో నా గడ్డం సగం గీసి వదిలేసినట్టుంది.

అప్పటికప్పుడు ఏమీ తేలలేదు. మరో ఏడు వారాలు పట్టింది. అణువులో ఒక కొస తప్పు వైపు తిరిగిందని ఒక వారం, రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయని ఇంకో వారం. టీ తీసుకెళ్లిన ప్రతిసారీ ఏటైనాదని అడిగేవాణ్ణి. చివరికి అడగొద్దంది. డిసెంబరు పదిహేడున తనే కేకేసి పిలిచింది.

“తేలిపోనాది మావా.” కళ్లు తుడుచుకుంటోంది.

తెర మీద రంగు గోళీలు, పుల్లలు. ఇంతేనా అనబోయి నోరు మూసుకున్నాను.

గైడుగారు విషయమంతా విని, ఇన్నాళ్లూ మెషిన్ గదిలోకి వెళ్లి ఎవరూ చూడలేదా అని అడిగారు. ఎవరు చూస్తారు? గంగులు చేతికి తిరుగులేదని ఊరంతా చెప్పుకున్నది నేనే. ఆయన నన్ను తిట్టలేదు. మిగతా పిల్లల పాత గ్రాఫుల్లో రేకుల పొడివన్నీ వెతికి జాబితా రాయించారు. నలభై మూడు వచ్చాయి. రోజుకి రెండు చొప్పున మళ్లీ ఒంపుతున్నాను.