ఈశాన్యంలో నిలబడని స్పీకరు

2023 వేసవి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో, బట్టల షాపుకీ కళ్లద్దాల షాపుకీ మధ్య నా దుకాణం. ఇళ్లలో హోమ్ థియేటర్లు, పాటల సిస్టమ్‌లు బిగిస్తాను. బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివి ఇదే పనిలో ఇరవై ఏళ్లు దాటించాను. నిచ్చెన నేనే ఎక్కుతాను, డ్రిల్లు నేనే పడతాను. అయినా ఇప్పటికీ లోపలికొచ్చిన మనుషుల్లో సగం మంది నా తల మీదుగా వెనక్కి చూసి "సార్ లేరా?" అని అడుగుతారు. "సార్ ఇంట్లో వంట చేస్తున్నారు, నాతో చెప్పండి" అంటాను. కొందరు నవ్వుతారు. నవ్వని వాళ్లతో నాకు పని తొందరగా తేలిపోతుంది.

ఆ రోజు వచ్చినావిడ సార్ గురించి అడగలేదు. కుర్చీలో కూర్చుని, ఫ్యాను కింద కాస్త సర్దుకుని, "మా ఇంట్లో తొమ్మిది స్పీకర్లున్నాయండీ, పాట మాత్రం వినపడట్లేదు" అంది. ఆ ఒక్క మాటతో నాకు నచ్చేసింది.

పేరు సుభద్ర. భీమవరం వైపు మనిషి. చైతన్యపురిలో పిల్లలకు వయొలిన్ నేర్పుతుంది. భర్త యాదగిరిది నల్లగొండ దగ్గర పల్లె. ఎల్బీ నగర్‌లో సరుకులు మోసే డీసీఎం వ్యాన్ల ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నడుపుతాడు. ఇద్దరూ కాలేజీలో కలిసి చదివి పెళ్లి చేసుకున్నారు. అన్నేళ్లూ అద్దె ఇళ్లలో ఉండి, ఈమధ్యే అల్మాస్‌గూడలో సొంతిల్లు కట్టుకున్నారు. పైఅంతస్తులో ఒక పెద్ద హాలు అచ్చంగా సినిమాకే వదిలారు. ప్రొజెక్టరు, తెర, తొమ్మిది స్పీకర్లు. బిగించింది ఇంకో దుకాణం వాళ్లు.

సుభద్ర దగ్గర పెళ్లికి ముందు ట్యూషన్లు చెప్పి కొనుక్కున్న స్టీరియో యాంప్లిఫయర్ ఉంది. పాటలోని సన్నటి కరెంటును స్పీకర్లు కదిలేంత బలంగా మార్చే పెట్టె అది. స్టీరియో అంటే ఎడమకొకటి, కుడికొకటి, రెండే స్పీకర్లు. ఆ స్పీకర్లు ఇల్లు మారేటప్పుడు మొగుడి సొంత వ్యాన్‌లోంచే జారి పడి పగిలాయట. యాంప్లిఫయర్ మిగిలింది. కొత్త సిస్టమ్ వచ్చాక ఈ పాతదెందుకని యాదగిరి దాన్ని ఎక్స్‌ఛేంజ్ వాడికి మాటిచ్చేశాడు. శనివారం వచ్చి పట్టుకుపోతాడు.

"అది పోతే ఆ ఇంట్లో నేను పాట వినడం అయిపోయినట్టేనండీ. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకి తేడా తెలీదు, అంతే" అంది.

"తేడా తెలియని మగవాళ్ల వల్లే నా దుకాణం నడుస్తోంది. రేపు పొద్దున్నే వస్తాను. మీ ఆయన్ని ఇంట్లోనే ఉండమనండి."

మర్నాడు వెళ్లాను. యాదగిరి గుమ్మంలోనే ఎదురొచ్చి, "సార్ రాలేదా మేడం?" అన్నాడు. సుభద్ర వెనకనుంచి నవ్వు ఆపుకుంటోంది.

హాల్లో యాదగిరి ఉత్సాహంగా రిమోట్ తీసుకుని పాట పెట్టాడు. ఏదో బటన్ నొక్కాడు. తొమ్మిది స్పీకర్లలోనూ అదే పాట, ఒకే గొంతు, నాలుగు పక్కలనుంచీ. ఫంక్షన్ హాల్లో భోజనాల దగ్గర నిలబడ్డట్టుంది.

"ఎట్లున్నది మేడం? తొమ్మిదికి తొమ్మిది మోగుతున్నయి!"

"అవునన్నా. పాడే మనిషి ఏ మూల కూర్చుందో మాత్రం చెప్పు."

"మూలేంది? అంతట ఉన్నది."

"అంతటా ఉన్న మనిషి ఎక్కడా లేనట్టే" అన్నాను. ఆయనకు నచ్చలేదు. నచ్చాలని అనలేదు కూడా.

ఆ బటన్ తీసేసి, ముందున్న రెండు పెద్ద స్పీకర్లు మాత్రమే మోగేట్టు పెట్టాను. అప్పుడింకా ఘోరం. పాట మొత్తం ఎడమ చెవిలో పడింది. లేచి చూద్దును కదా, తెర ఉత్తరం గోడకుంది. ఎడమ స్పీకరు వాయవ్యం మూలలో సరిగ్గానే ఉంది. కుడి స్పీకరు ఉండాల్సిన ఈశాన్యం మూల ఖాళీ. నడుమెత్తు ఉన్న ఆ స్పీకరు సోఫా వెనక, నైరుతి మూలలో, పూలకుండీ పక్కన నిలబడి ఉంది.

"దీన్ని అక్కడెవరు పెట్టారు?"

"నేనే పెట్టిపిచ్చిన" అన్నాడు కుర్చీలోంచి ఒక పెద్దాయన. అప్పటిదాకా మాట్లాడలేదు. యాదగిరి మేనమామ వెంకటయ్య. ముగ్గు పోసిన రోజు నుంచి ఆ ఇంటి వాస్తు అంతా ఆయన మాటే. "ఈశాన్యంల బరువు పెడితే ఇంటికి మంచిది గాదమ్మా. నైరుతిల బరువుండాలె. గందుకే గాడికి జరిపిచ్చిన."

ఇదీ సంగతి. బిగించినవాళ్లు పెద్దాయనతో ఎందుకొచ్చిన గొడవని స్పీకర్ని మోసుకెళ్లి ఆయన చెప్పిన చోట దించి, చెయ్యి దులుపుకుని పోయారు. సినిమాకి తేడా తెలియలేదు, ఎందుకంటే మాటలు తెర కింద ఉండే సెంటర్ స్పీకర్లోంచి వస్తాయి. కానీ పాట పాటగా వినాలంటే మనిషికీ రెండు స్పీకర్లకీ మధ్య మూడు పక్కలా సమానమైన త్రికోణం కుదరాలి. ఇక్కడ కుడి స్పీకరు వెళ్లి ఎడమ చెవి వెనక కూర్చుంది.

ఆ రోజు వాదించాలని నోరు దురద పెట్టింది. అయితే వాస్తుని కొట్టిపారేస్తే వాదన నేను గెలుస్తాను, స్పీకరు మాత్రం పూలకుండీ పక్కనే ఉంటుంది. అందుకని పెద్దాయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"పెద్దయ్యా, ఈశాన్యం ఖాళీగా ఉండాలె, నైరుతిలో బరువుండాలె, ఆగ్నేయంలో అగ్ని ఉండాలె. అంతేనా?"

"అంతే బిడ్డా."

"ఇంకేమన్న ఉంటే ఇప్పుడే చెప్పుండ్రి. నేను డ్రిల్లు తీసినంక కొత్త దిక్కు తేవద్దు."

"నడిమిట్ల ఖాళీ ఉండాలె."

"ఉంచుతా. అయితే వినుండ్రి. తూర్పు గోడకు తెర పెడితే మళ్లీ ఈశాన్యం అడ్డమొస్తది. పడమర గోడకు బాల్కనీ తలుపుంది. తెరను దక్షిణం గోడకు మారుస్తా. ఒక స్పీకరు నైరుతిలో, మీ బరువు మీకుంటది. రెండోది ఆగ్నేయంలో, దాని పక్కనే కొత్త సిస్టమ్ పెట్టె, సుభద్ర యాంప్లిఫయరు. చెయ్యి పెడితే కాలేంత వేడి వస్తది వాటికి, మీ అగ్ని మీకుంటది. ఈశాన్యంలో చీపురుపుల్ల కూడా పెట్టను."

పెద్దాయన కళ్లు మూసుకుని మూలలు లెక్కేసుకున్నాడు. తప్పు దొరకలేదు. కానీ ఆయన కూడా నాలాంటి మనిషే, ఊరికే వదలడు.

"దక్షిణం దిక్కు మొకం పెట్టి కూసుంటరా మరి?"

"భోజనానికి కదా వద్దన్నరు? సినిమాకు ఎవరు వద్దన్నరు?"

"సినిమా సంగతి పెద్దలు ఏం చెప్పలే" అన్నాడు కాసేపు ఆలోచించి.

"చూసుకుంట తినొద్దని మీరే చెప్పుండ్రి. సోఫా కూడా శుభ్రంగుంటది."

పెద్దాయన మొదటిసారి నవ్వాడు. యాదగిరి మాత్రం గాభరాపడ్డాడు. "గోడలు పగలగొడ్తవా ఏంది? రంగులేసి నెల గాలే!"

"ఒక్క గోడా పగలదు. వెనక స్పీకర్ల కోసం దక్షిణం గోడకు వైర్లు ముందే వేసి ఉన్నాయి. వాటిని ముందు స్పీకర్లకు వాడతా, ముందువి వెనక వాటికి పోతాయి. ప్రొజెక్టరును అటు తిప్పి, దాని కేబుల్ ఫాల్స్ సీలింగ్ పైనుంచి లాగుతా. మీ డ్రైవర్లను ఇద్దర్ని పిలువు, స్పీకర్లు మోయడానికి. పడేయకుండా మోసేవాళ్లను పిలువు."

సుభద్ర ఈసారి నవ్వు ఆపుకోలేదు.

డ్రైవర్లొచ్చి తెర, స్పీకర్లు నేను చెప్పిన చోటికి మార్చారు. అసలు పని ఆ తర్వాత. సినిమా శబ్దాన్ని తొమ్మిది స్పీకర్లకు పంచిపెట్టే పెట్టెను ఏవీ రిసీవర్ అంటారు. అది అన్ని పనులూ చేస్తుంది. కానీ ఇలాంటి మధ్యరకం వాటిలో కరెంటు అన్ని స్పీకర్లకూ పంచాలి కాబట్టి వయొలిన్ మీద విల్లు ఆనే ఆ గరుకుదనం పల్చబడిపోతుంది. సుభద్ర యాంప్లిఫయర్‌కు రెండే స్పీకర్ల బాధ్యత. దాని ప్రాణమంతా వాటిమీదే పెడుతుంది. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని మొగుడూ పెళ్లాం తగువుపడుతున్నారు. నిజానికి తీసెయ్యాల్సిందేమీ లేదు. రిసీవర్ వెనక ప్రీ-అవుట్ అనే సాకెట్లుంటాయి. ముందు స్పీకర్ల శబ్దాన్ని బలం చేర్చకుండా అలాగే బయటికి ఇస్తాయి. వాటినుంచి వైరు తెచ్చి సుభద్ర యాంప్లిఫయర్‌కు కలిపాను. ముందున్న రెండు పెద్ద స్పీకర్లనూ ఆ యాంప్లిఫయర్‌కే ఇచ్చాను. సినిమాకి రెండు పెట్టెలూ కలిసి పనిచేస్తాయి. పాటకి రిసీవర్ని ఆపేసి, సుభద్ర పాత సీడీ ప్లేయరును నేరుగా యాంప్లిఫయర్‌కు కలిపి వింటే చాలు.

ఒక్కటే చిక్కు. సినిమా పెట్టినప్పుడు యాంప్లిఫయర్ వాల్యూమ్ ఎప్పుడూ ఒకే చోట ఉండాలి, లేకపోతే ముందు స్పీకర్లకూ వెనక వాటికీ పొంతన కుదరదు. కొత్త యాంప్లిఫయర్లలో దీనికి హెచ్‌టీ బైపాస్ అని విడిగా దారి ఉంటుంది. దీనికి లేదు. మైకు పెట్టి అన్ని స్పీకర్లనూ సరిచూసి, వాల్యూమ్ ఎక్కడాగాలో తేల్చాను. గుర్తు పెట్టడానికి చుట్టూ చూసి, సుభద్రని "ఒక బొట్టు బిళ్ల ఇవ్వండి" అన్నాను. నుదుటి మీది ఎర్ర బిళ్లే తీసి ఇచ్చింది. దాన్ని వాల్యూమ్ మీట పక్కన అంటించాను.

"సినిమా అయితే మీట బొట్టు దగ్గరుండాలి. పాట అయితే నీ ఇష్టం" అని యాదగిరికి చెప్పాను.

పెద్దాయన దగ్గరికొచ్చి చూసి, "బొట్టు పెట్టిండ్రు, మంచిది" అని తృప్తిగా వెళ్లి కూర్చున్నాడు. నేనేం సరిదిద్దలేదు.

సోఫాని తెర వైపు తిప్పి, గోడనుంచి జరిపి, మధ్య ఖాళీ పోకుండా, త్రికోణం కుదిరే చోట వేశాను. యాదగిరిని దాని మధ్యలో కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాను. అంతకుముందు సుభద్ర నాకొక సీడీ ఇచ్చింది. రిసీవర్ ఆపి, అది పెట్టాను.

వయొలిన్ మొదలైంది. యాదగిరి మొహంలో అప్పటిదాకా ఉన్న పరీక్ష పెట్టే చూపు మెల్లగా పోయింది.

"ఆవిడ ఎక్కడ కూర్చుంది?" అన్నాను.

కళ్లు తెరవకుండానే చెయ్యెత్తి రెండు స్పీకర్ల నట్టనడుమ గాలిలోకి చూపించాడు. "గీడ. ఎదురుంగ. మృదంగం ఎడమ దిక్కున్నది, జర ఎనక్కి."

"కళ్లు తెరువు."

తెరిచాడు. తను చూపించిన చోట తెర, దాని కింద ఆపేసిన సెంటర్ స్పీకరు తప్ప ఏమీ లేదు. లేచి వెళ్లి దాని మీద చెవి పెట్టి చూశాడు. "గిది మోగుతలేదు గదా! మరి ఆమె గీడికెట్ల వచ్చింది?"

"రెండే స్పీకర్లన్నా. సరైన చోట పెడితే మూడో మనిషి నడుమ కూర్చుంటది."

మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఇంకాసేపు విని, "ఎవరీమె? మస్తు వాయిస్తున్నది" అన్నాడు.

సుభద్ర సోఫా వెనకాల నిలబడి ఉంది. "నేనే. నాలుగేళ్ల కిందటి కచేరీ. మీరు ఆఫీసులో లోడింగ్ ఉందని రాలేదు."

యాదగిరి మెడ తిప్పి పైకి చూశాడు.

"పెళ్లయిన ఇన్నేళ్లకి వినపడ్డానన్నమాట" అంది ఆవిడ. గొంతులో వేళాకోళమే ఉంది, కళ్లలో మాత్రం గెలుపు. పెద్దాయన గట్టిగా దగ్గి, "కోడలు మంచిగ కొట్టింది. ఇంకోసారి పెట్టు బిడ్డా" అన్నాడు నాతో.

సీడీ చివరిదాకా విన్నాక సినిమా పెట్టాం. మీట బొట్టు దగ్గరకు తిప్పింది యాదగిరే. తెరమీద వాన మొదలైతే పెద్దాయన బాల్కనీలో ఆరేసిన బట్టలు తీయమని కేకేశాడు. ఇంతకన్నా మంచి సర్టిఫికెట్ నాకు ఏ ఇంట్లోనూ రాలేదు.

శనివారం ఎక్స్‌ఛేంజ్ వాడు వస్తే యాదగిరే గేటు దగ్గర నిలబడి, "అది మా ఇంటామెది, అమ్మేది లేదు" అని పంపించేశాడని సుభద్ర ఫోన్ చేసి చెప్పింది.

అప్పటినుంచి ఏ ఇంటికెళ్లినా మొదటి ప్రశ్న మార్చాను. గది కొలతలు తర్వాత. సినిమా అయిపోయి అందరూ లేచి వెళ్లాక ఈ గదిలో ఎవరు కూర్చుంటారు అని అడుగుతాను. సాధారణంగా ఆ మనిషి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంటుంది, అప్పటిదాకా ఎవరూ ఏమీ అడిగి ఉండరు. రెండోది, ఇంట్లో ఏ చట్టం నడుస్తోందో తెలుసుకుని ఆ చట్టంతోనే వాదిస్తాను. నా టూల్ బ్యాగులో ఇప్పుడు స్క్రూడ్రైవర్ల పక్కన ఒక బొట్టు బిళ్లల అట్ట కూడా ఉంటుంది.

నెల తిరక్కుండానే యాదగిరి దుకాణానికి వచ్చాడు. లోపలికి అడుగుపెట్టి, నా తల మీదుగా ఎక్కడికీ చూడలేదు.

"అక్కా, మా ఆఫీసుల గూడ పెట్టాలె."

"ఎన్ని స్పీకర్లు?"

"రెండే" అన్నాడు, రెండు వేళ్లు చూపించి. "ఈశాన్యం ఏడున్నదో నేనే చూసుకొని వచ్చిన."